చెక్కని మాట

మా ఇంట్లో గీత అమ్మది, లోతు నాన్నది.

నాన్న సమాధి రాళ్ళు చెక్కేవారు. ఇంటి ముందు రేకుల షెడ్డు, దాని వెనుక మేముండే గదులు, ఎదురుగా సమాధుల తోటకు పోయే దారి. మా ప్రపంచానికి ఆ మూడే ఎల్లలు. రాయి నునుపు తేలాక నాన్న దాన్ని రెండు దుంగల మీద వెల్లకిలా పరిచేవారు. అమ్మ వంటింటి పని ముగించుకుని, చేతులు తుడుచుకుంటూ వచ్చి, దారం లాగి వరుసలు సరిచూసుకుని, సన్నటి కుంచెను సుద్దనీళ్ళలో ముంచి అక్షరాలు గీసేది. రంగు కాకుండా సుద్ద ఎందుకంటే, తప్పు పోతే తడిగుడ్డతో తుడిచెయ్యవచ్చు. అది ఆరాక నాన్న ఉలి పట్టేవారు. ఉలి అమ్మ గీత మీదనే నడిచేది. నడిచిన మేరకల్లా తెల్లగీత పొడిగా రాలిపోయి, దాని స్థానంలో గాడి మిగిలేది. పని పూర్తయ్యేసరికి రాతి మీద అమ్మ చేతివ్రాత రవ్వంతైనా ఉండేది కాదు.

"నేను చెరిగితేనే కదండీ మీరు కనబడేది," అని అమ్మ నవ్వేది. ఆ రోజుల్లో అది ఉత్త వేళాకోళం.

నాన్నకు చదవడం బాగానే వచ్చును గాని, చెక్కేటప్పుడు మాత్రం చదివేవారు కారు. "మాట తెలిసిపోతే చెయ్యి తొందరపడుతుంది. నేను గీతలు చూస్తాను. మాటలతో నాకు పనిలేదు," అనేవారు. ఈ పద్ధతి వల్ల ఒకసారి అభాసుపాలయ్యాము కూడా. ఒక పెద్దాయన రాతి మీద అమ్మ 'నిత్యజీవం' అని గీసి లోపలికి వెళ్ళింది. నాన్న చొక్కా చెయ్యి రాసుకుని 'త' కింది య ఒత్తు చెరిగిపోయింది. నాన్న ఉన్నది ఉన్నట్టు చెక్కేశారు. రాయి తీసుకుపోవడానికి వచ్చిన కొడుకులు 'నితజీవం' చూసి నోరెళ్ళబెట్టారు.

"పోనీలెండి నాయనా," అంది అత్తయ్య. "ఒత్తు తక్కువైందని మీ నాన్నని గుమ్మం దగ్గర ఆపేస్తారా ఏంటి?"

అత్తయ్య నాన్నకు పెద్దక్క. భర్త పోయినప్పటి నుంచి మాతోనే ఉండేది. నాన్న ఉలికి తరచూ పదును పెట్టవలసివచ్చేది. ఆమె నోటికి ఆ అవసరం ఎన్నడూ కలగలేదు.

మా షెడ్డులో అన్నిటికన్నా ఎక్కువగా చెక్కిన మాట 'నిత్య'. నిత్యజీవం, నిత్యవిశ్రాంతి, నిత్యరాజ్యం. మా చర్చి సంఘంలో ఎవరు పోయినా ఆ మాట లేకుండా రాయి లేచేది కాదు. నాన్న చేతికి అది కంఠతా వచ్చు. అయినా ఆయన దాన్ని ఒక్కసారీ చదివి ఎరుగరు.

నేను విశ్వవిద్యాలయంలో చరిత్ర చదువు ముగించుకుని ఇంటికి చేరిన వేసవి అది. అమ్మకు కాళ్ళు నీరు పట్టాయి. వంటింటి నుంచి షెడ్డు దాకా రావడానికి మధ్యలో రెండుచోట్ల గోడ పట్టుకుని నిలబడేది. ఆసుపత్రిలో పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు నన్నూ నాన్ననూ వరండాలోకి పిలిచారు.

"గుండె బాగా అలిసిపోయిందండీ. ఇక్కడ ఉంచి మేం చేసేదేమీ లేదు. ఇంటికి తీసుకెళ్ళండి. ఆవిడ పక్కన ఉండండి."

"మందులు?" అన్నారు నాన్న.

"రాసిస్తాను. పక్కన ఉండండి," అని డాక్టరు మళ్ళీ అన్నారు. చీటీ రాసిచ్చి, "వానలు చూస్తే అదృష్టమే," అన్నారు.

ఇంటికి వచ్చి అమ్మను కిటికీ పక్కన మంచం మీద పడుకోబెట్టాము. నాన్న దిండు సరిచేసి నేరుగా షెడ్డులోకి వెళ్ళారు. అక్కడ వెనుక గోడకు ఆనించి, గోనెపట్టా కప్పి, ఎవరెంత అడిగినా ఇవ్వకుండా ఏళ్ళ తరబడి దాచుకున్న నల్లరాయి ఒకటి ఉండేది. ఒక మరకగాని, ఒక జీరగాని లేని రాయి. నాన్న గోనె లాగేశారు. కాసేపటికి దాని మీద నీళ్ళు పోసి సాన పట్టే చప్పుడు మొదలైంది.

అత్తయ్య కొంగు బిగించి షెడ్డులోకి వెళ్ళింది.

"ఒరేయ్! మనిషి ఇంకా లోపల ఉందిరా. అప్పుడే రాయేంటిరా నీ మొహం?"

నాన్న తల ఎత్తలేదు. "ఉన్నప్పుడే గీయించుకోవాలి కదక్కా. ఇంకెవరి గీతా నా ఉలికి తెలీదు."

ఈ జవాబును నేను తరువాత చాలాసార్లు తిరగేసి చూశాను. అందులో కఠినత్వం లేదు. నాన్నకు జీవితమంతా చనిపోయినవారితోనే పరిచయం. వారికి ఏం చెయ్యాలో ఆయనకు తెలుసు. చనిపోతున్న మనిషి పక్కన ఏం చెయ్యాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. తెలియని గది నుంచి తెలిసిన షెడ్డులోకి వెళ్ళిపోయారు, అంతే. కాని దాని ఫలితం అమ్మ అనుభవించింది. ఉన్న కొద్ది కాలాన్నీ రాయి తినేస్తోంది.

అమ్మ మంచం మీద నుంచి ఆ చప్పుడు వింటూ పని ఎంతదాకా వచ్చిందో చెప్పేది. "గరుకు సాన అయిపోయింది. ఇక నున్న సాన పడతారు చూడు." నేను వెళ్ళి చూస్తే సరిగ్గా అదే జరుగుతూ ఉండేది.

ఒక మధ్యాహ్నం అలాగే వింటూ వింటూ, "ఆ రాయిదే అదృష్టం," అంది. "పొద్దున్నుంచి చెయ్యి తియ్యలేదు దాని మీద నుంచి."

ఆ మాట నేను మోసుకెళ్ళి నాన్నకు చెప్పాను. ఆయన చెయ్యి ఒక క్షణం ఆగింది. "త్వరలో అయిపోతుందని చెప్పు," అని మళ్ళీ వంగారు.

భోజనాల వేళ ఆయన అమ్మ గది దాకా వచ్చేవారు గాని గడప దాటేవారు కారు. తల నుంచి పాదాల దాకా రాతిపొడి.

"ఏమైనా కావాలా?"

"కావాలి," అంది అమ్మ.

"ఏంటి?"

"కూర్చోండి."

"ఒళ్ళంతా దుమ్మే. నీకు దగ్గొస్తుంది."

"దుమ్ము దులుపుకునే వీలు కూడా లేనంత పనా?"

"రాయి అయిపోనీ. అక్షరాలు నువ్వే గీయాలి. పేరు పైన. కింద నిత్యవిశ్రాంతి అని."

"పడుకుని పడుకుని ఇప్పటికే నడుం పట్టేసింది. అక్కడ కూడా విశ్రాంతేనా?"

గడపలో నిలబడిన మనిషి నవ్వబోయి ఆగిపోయారు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. అమ్మ కిటికీ వైపు చూస్తూ పడుకుంది. చప్పుడు మళ్ళీ మొదలైంది.

ఆ వారంలోనే మా సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు ప్రార్థన చేయడానికి వచ్చారు. వయసులో చిన్నవారు. ఆయన ప్రసంగాలు పొడుగని అప్పటికే పేరు పడింది.

"అయ్యగారూ, ప్రార్థన క్లుప్తంగా కానివ్వండి," అంది అత్తయ్య కుర్చీ వేస్తూ. "గుండెజబ్బు మనిషి."

ఆయన నొచ్చుకోకుండా నిజంగానే క్లుప్తంగా ప్రార్థించారు. రొట్టె, ద్రాక్షారసం ఇచ్చారు. ఈ లోకంలోవి చూస్తుండగానే మాసిపోతాయని, దేవుని దగ్గర ఉన్న నిత్యజీవం ఎన్నటికీ మాయదని మెల్లగా చెప్పారు. అమ్మ శ్రద్ధగా విన్నది.

"ఒక సందేహం అయ్యగారూ. ఆ నిత్యజీవం ఎప్పుడు మొదలవుతుంది?"

"మనం ప్రభువు దగ్గరకు వెళ్ళాక..." అని మొదలుపెట్టి ఆయన ఆగారు. ఆ ఆగడం వల్లనే నాకు ఆయన మీద గౌరవం కలిగింది. "కాదమ్మా. తప్పుగా చెప్పాను. నమ్మిన రోజునే మొదలైపోతుంది. ఆగకుండా సాగుతుంది."

"అంటే ఇప్పుడు, ఈ గదిలో కూడా నడుస్తున్నట్టేగా?"

"నడుస్తున్నట్టే."

"అయితే ఆ ముక్క కాస్త షెడ్డులో ఉన్నాయనకు చెప్పి వెళ్ళండి. ఆయన అది ఇంకా మొదలుకాలేదనుకుంటున్నారు."

పాస్టరుగారు షెడ్డులోకి వెళ్ళారు. టీ గ్లాసు పట్టుకుని నేనూ వెళ్ళాను. ఆయన రాతి మీద చెయ్యి వేసి చూసుకున్నారు. అద్దంలా అయింది. అందులో ఆయన ముఖమే కనబడుతోంది.

"ఎన్నాళ్ళు ఉంటుందండీ ఇలాంటి రాయి?"

"నా మనవల మనవలు వచ్చి చదువుకుంటారు అయ్యగారూ," అన్నారు నాన్న. ఆ వేసవిలో ఆయన ముఖం వెలగడం నేను చూసింది అప్పుడే.

"ఆ తరువాత?"

అది సవాలు కాదు. పాస్టరుగారు తెలుసుకోవాలనే అడిగారు. నాన్న తడిగుడ్డ తీసుకుని రాతిని మళ్ళీ తుడవసాగారు. అమ్మ పంపిన కబురు పాస్టరుగారు చెప్పలేకపోయారు. టీ తాగి వెళ్ళిపోయారు.

మరునాడు ఉదయం నాన్న నన్ను వెంటబెట్టుకుని సమాధుల తోటకు వెళ్ళారు, చోటు చూడడానికి. కొత్త వరుసల్లో మా షెడ్డు రాళ్ళన్నీ తెలిసినవాళ్ళలా నిలబడి ఉన్నాయి. వాటిని దాటుకుని ఆయన పాత వైపుకు నడిచారు. అక్కడ తాతయ్య చెక్కిన రాళ్ళున్నాయి. ఇసుకరాయి. ఎండకూ వానకూ పొరలుపొరలుగా లేచిపోయి, అక్షరాలున్న చోట చిన్నచిన్న గుంటలు మాత్రమే మిగిలాయి. నాన్న ఒకదాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ గుంటల్లో వేలు పెట్టి నడిపించారు. చూపు లేనివారు వెతికినట్టు వెతికారు.

"ఇది మెత్తరాయి," అన్నారు. "నాది నల్లరాయి."

"అవును నాన్నా."

"ఇది మీ తాతయ్య పనే. ఈ వాలు చూడు. ఈ వాలు ఆయనకు తప్ప ఎవరికీ రాదు."

"ఎవరి సమాధి ఇది?"

ఆయన వేలు ఆగింది.

"తెలీదు," అన్నారు. కొంచెం సేపటికి, నాతో కాకుండా తనతో తాను అనుకుంటున్నట్టు, "చెక్కిందెవరో తెలుసు. ఎవరికోసమో తెలీదు," అన్నారు.

చోటు చూడకుండానే తిరిగి వచ్చేశాము. ఇంటికి రాగానే పంపు కింద తల పెట్టి, మెడ, చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నారు. ఉతికిన చొక్కా వేసుకున్నారు. అమ్మ గది గడప దాటి లోపలికి వెళ్ళి మంచం పట్టె మీద కూర్చున్నారు.

అత్తయ్య వంటింట్లో నుంచి తొంగి చూసి నా చెవిలో, "పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు కూడా ఇంత శుభ్రంగా రాలేదు వీడు," అంది.

నాన్న తన చేతులు చూసుకున్నారు. చివరికి తనకు తెలిసిన విషయమే ఎత్తారు. "రాయి అయిపోయింది."

"విన్నాను. చప్పుడు ఆగిపోయిందిగా," అంది అమ్మ. "అయితే తీసుకెళ్ళండి. గీస్తాను."

"నడవలేవు."

"నడుస్తానని ఎవరన్నారు?"

నాన్న ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకుని షెడ్డులోకి తీసుకెళ్ళారు. రాళ్ళెత్తిన చేతులకు అది బరువు కాదు. అదే ఆయనను కలవరపెట్టింది. ఆ సంగతి ఆయన ముఖంలో నేను చూశాను. చేతుల కుర్చీలో దిండ్లు సర్ది కూర్చోబెట్టాము. నేను గిన్నెలో సుద్ద కలిపి కుంచె ఇచ్చాను.

"పేరు పైన," అన్నారు నాన్న.

"నా పేరు దేవుడి దగ్గర పుస్తకంలో రాసి ఉంటే చాలండీ. రాతి మీద ఎందుకు?" అంటూ అమ్మ కుంచె ముంచింది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని మెల్లగా గీసింది. 'ని' అయింది. ఊపిరి తీసుకుని 'త' గీసింది. కింద ఒత్తు చుట్టింది. చివర సున్నా పెట్టింది. కుంచె గిన్నెలో వేసి వెనక్కి వాలింది.

నాన్న కాసేపు ఎదురుచూశారు. "మిగతాది?"

"మిగతాదేంటి?"

"నిత్యం అని ఆపేశావు. విశ్రాంతా, జీవమా? మాట పూర్తి కాలేదు."

చెక్కబోయే మాట ఏమిటని ఆయన అడగడం నేను వినడం అదే మొదలు.

"పూర్తయింది," అంది అమ్మ. "నిత్యం అంటే రోజూ అని కదండీ."

"రోజూ ఏంటి?"

"రోజూ ఇలా," అని తన పక్కనున్న పీట చూపించింది. నాన్న దాని మీద కూర్చున్నారు.

ఆ ఉదయమంతా వాళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు. అమ్మ పాత రాళ్ళన్నిటినీ గుర్తుచేసింది. "ఆ మూలింటి ఆయన రాయి జ్ఞాపకముందా? 'ప్రభువునందు నిద్రించుచున్నాడు' అని గీయబోతే వాళ్ళావిడ కుంచె పట్టుకుని ఆపేసింది. ఆ నిద్ర మాట తీసెయ్యి తల్లీ, బతికున్నన్నాళ్ళూ ఆయన చేసింది అదే అని." నాన్న నవ్వారు. ఆ నవ్వు వంటింటి దాకా వినిపించింది. అత్తయ్య చేతిలోని గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

వెళ్ళబోయే ముందు అమ్మ రాతి వైపు తల వంచి చూసింది. "ఒత్తు వంకర పోయింది. ఆ గుడ్డ ఇలా ఇవ్వవే." ఇచ్చాను. మొత్తం తుడిచేసింది. "రేపు మళ్ళీ గీస్తాను."

మరునాడు మళ్ళీ గీసింది. గంటలకొద్దీ కూర్చుంది. మాట్లాడింది, కునుకు తీసింది, లేచి నాన్న చెక్కుతున్న వేరేవాళ్ళ రాయికి వంకలు పెట్టింది. తిరిగి వెళ్ళేటప్పుడు 'ని' పొట్టిగా ఉందని తుడిచేసింది. ఆ తరువాతి రోజు సున్నా కోడిగుడ్డులా ఉందన్నది. అమ్మ ఎత్తు నాకు అర్థమైంది. అక్షరాలు పూర్తయితే ఉలి మొదలవుతుంది, ఉలి మొదలైతే ఆ మనిషి మళ్ళీ రాతిలోకి వెళ్ళిపోతాడు. అందుకని ప్రతిరోజూ ఏదో ఒక లోపం కనిపెట్టేది. నాన్నకు అది అర్థమైందో లేదో మాత్రం నాకు తెలియలేదు.

రానురాను తుడిచే ఓపిక కూడా ఆమెకు పోయింది. ఒకరోజు గీయగానే అలసి నిద్రపోయింది. గుడ్డ సంగతి ఎత్తకుండానే నాన్న ఆమెను లోపలికి తెచ్చి పడుకోబెట్టారు. అంటే రాతి మీద మాట నిలిచింది. అది చక్కగా కుదిరిన రాత. వంక పెట్టడానికి ఏమీ లేదు. ఇక రేపటి నుంచి ఉలే, అనుకున్నాను.

తెల్లవారాక టీ తీసుకుని షెడ్డుకు వెళ్ళాను. నాన్న రాతి ముందు నిలబడి ఉన్నారు. చేతిలో ఉలి లేదు, తడిగుడ్డ ఉంది. ఆయన పెదవులు కొద్దిగా కదిలాయి. తరువాత వంగి, సున్నా దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్క అక్షరాన్నే జాగ్రత్తగా తుడిచేశారు. గుడ్డ పిండి తీగ మీద ఆరేశారు. నేను టీ అక్కడే పెట్టి వెనక్కి వచ్చేశాను.

అమ్మను తెచ్చి కూర్చోబెట్టినప్పుడు ఆమె నల్లగా ఖాళీగా ఉన్న రాయిని చూసింది.

"ఏమైందండీ?"

"మంచుకి చెరిగిపోయింది."

"మండువేసవిలో మంచా?"

"ఈ షెడ్డులో పడుతుంది," అన్నారు నాన్న, కుంచె అందిస్తూ.

అమ్మ ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. కుంచె ముంచి 'ని' మొదలుపెట్టింది.

ఆ తరువాత మా షెడ్డులో దాదాపు రోజూ మంచు పడింది. అత్తయ్య సైతం దాని గురించి నోరు విప్పలేదు. ఆమెకు అంతటి నిగ్రహం ఉందని మాకెవ్వరికీ తెలియదు. పాస్టరుగారు మళ్ళీ వచ్చినప్పుడు నేరుగా షెడ్డులోకే వచ్చి, ఒక దుంగ మీద కూర్చుని ప్రార్థించి, ఎవరికీ ఏమీ చెప్పకుండా టీ తాగి వెళ్ళారు.

ఒక ఉదయం ఆకాశం మొదటిసారిగా మబ్బు పట్టింది. గాలిలో చెమ్మ తెలుస్తోంది. అమ్మ ఆ రోజు ఎవరి సాయమూ లేకుండా, మణికట్టు పట్టుకోకుండా గీసింది. ఒత్తును ఒక్క ఊపులో తిప్పింది. సున్నాను మొదలుపెట్టిన చోటే కలిపింది.

"బాగా వచ్చిందండీ," అంది. "ఇవాళ్టిది తుడవకండి."

నాన్న ఉలిక్కిపడలేదు. "ఎందుకు? మంచు పడదా?"

"పడదు."

ఆమె పక్కకు ఒరిగి నాన్న భుజం మీద తల పెట్టుకుంది. నాన్న కదలకుండా కూర్చున్నారు. నేను గిన్నె కడగడానికి లోపలికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి కూడా అలాగే ఉన్నారు. నిద్రపోతోందని అనుకున్నాను. నాన్న నా వైపు చూసి, నిద్రపోతున్నవాళ్ళ దగ్గర మాట్లాడే గొంతుతో, "అత్తయ్యను పిలువమ్మా," అన్నారు. మేము ఎంతోమంది రాళ్ళ మీద గీసి చెక్కిన ఆ మాట, ప్రభువునందు నిద్రించడం, మా ఇంట్లో ఏ అలంకారమూ లేకుండా ఉన్నది ఉన్నట్టుగా జరిగింది.

సమాధి కార్యక్రమం ముగిశాక, నాన్న రాతి ముందు కూర్చుని ఉలి, సుత్తి తీసుకున్నారు. 'ని' తల మీద ఉలి మొన పెట్టారు. సుత్తి ఎత్తారు. ఎత్తిన చెయ్యిని మెల్లగా దించి, రెండూ పక్కన పెట్టారు.

"నాన్నా?"

"చెక్కితే ఇది పోతుంది."

"చెక్కకపోతే వానకి పోతుంది కదా."

"పోనీ." ఆయన చాలాసేపు ఆ గీతల వైపు చూశారు. "తుడిచినప్పుడల్లా మళ్ళీ గీసింది మీ అమ్మ. చెక్కేస్తే మళ్ళీ గీయడానికి చోటుండదమ్మా."

చరిత్ర చదివినదాన్ని. శిలాశాసనాల మీద పరీక్ష రాసి వచ్చినదాన్ని. అయినా ఆ ఉలి, సుత్తి తీసి పెట్టెలో పెట్టేసింది నేనే.

రాయిని అలాగే తీసుకెళ్ళి నిలబెట్టారు. మోసినవాళ్ళు అక్షరాలకు చెయ్యి తగలకుండా పట్టుకోవడానికి నానా అవస్థ పడ్డారు. నల్లటి నునుపు మీద తెల్లగా ఒకే ఒక్క మాట. దాన్ని నిలబెట్టి, చుట్టూ మట్టి కూరుతుండగానే ఉరిమింది. అత్తయ్య గోనెపట్టా తెచ్చింది.

"కప్పరా దాన్ని! వాన వస్తే ఏం మిగులుతుందిరా?"

"వద్దక్కా."

"పిచ్చివాడా, దాని చేతిరాతరా అది!"

"తెలుసక్కా. రానీ."

వాన వచ్చింది. ముందు పెద్దపెద్ద చినుకులు, తరువాత ధార. ఒత్తు ముందు కరిగింది. సున్నా చివరిదాకా నిలిచింది. సుద్ద పాలలాగా రాతి మీదుగా జారి, కొత్తమట్టిలోకి ఇంకిపోయింది. అత్తయ్య గోనెపట్టాను తన తల మీద వేసుకుని, కళ్ళు తుడుచుకుంటూ నిలబడింది. నాన్న తడుస్తూ చూశారు. అమ్మ చూస్తే అదృష్టమని డాక్టరు అన్న వాన అదే.

ఆ వేసవి మా ఇంటిని మార్చిందంటే, ఎలా మార్చిందో చెప్పాలి. నేను దగ్గరలోని కళాశాలలో ఉద్యోగంలో చేరి, సెలవు రోజుల్లో రాళ్ళ మీద అక్షరాలు గీయడం నేర్చుకున్నాను. నాన్న పని మెల్లబడింది. ఉలి పట్టే ముందు ప్రతి మాటనూ పైకి చదివేవారు. ఆ మనిషి ఎలాంటివాడు, ఏం చేసేవాడు అని ఇంటివాళ్ళను అడిగి తెలుసుకునేవారు. త్వరగా వెళ్ళిపోదామని వచ్చినవాళ్ళు కూడా ఆయన పక్కన కూర్చుని చాలాసేపు చెప్పి వెళ్ళేవారు. మంచాన పడినవారి కోసం ముందుగానే రాయి చెప్పిపోదామని వచ్చేవాళ్ళుండేవారు. వాళ్ళను మాత్రం ఆయన షెడ్డులో కూర్చోనిచ్చేవారు కారు.

"మనిషి ఉన్నారా ఇంకా?"

"ఉన్నారండీ, కాని..."

"అయితే ఇంటికెళ్ళి పక్కన కూర్చోండి. రాయి ఎక్కడికీ పోదు."

ప్రతి ఉదయం షెడ్డు తెరవడానికి ముందు ఆయన అమ్మ దగ్గరకు వెళ్ళి కాసేపు కూర్చుని వచ్చేవారు. చిన్న పీట ఒకటి అక్కడే ఉంచారు. ఆ ఖాళీ రాతిని చూసి కొత్తవాళ్ళు ఆగేవారు. సమాధి రాళ్ళు చెక్కేవాడి భార్యది అక్షరం లేని రాయి కావడం వాళ్ళకు వింతగా ఉండేది. ఒకసారి నేను పక్కనుండగానే ఒకాయన ఉండబట్టలేక అడిగారు.

"ఏంటండీ, అక్షరాలు వేయడం మరిచిపోయారా?"

నాన్న టీ గ్లాసు కింద పెట్టి, రాతి వైపు ఒకసారి చూశారు.

"వేసిందండీ," అన్నారు. "నేను చదివాను."